మెడ వంగే స్ట్రా

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు నుంచి నాంపల్లి స్టేషన్‌కు రోజూ నడిచి వెళ్లేవాళ్లలో వామన్‌రావు జ్యూస్ షాపు తెలియనివాళ్లు తక్కువ. తాత పెట్టిన కొట్టు అది. తాత కాలంలో షర్బతూ సోడా అమ్మేవాళ్లు. తండ్రి పళ్లరసాలు మొదలుపెట్టాడు. వామన్‌రావు చేతికొచ్చాక మిక్సీలు పెరిగాయి, అద్దాల అలమరా వచ్చింది, బయట రేకు నీడ కింద బల్లలు పడ్డాయి. అయితే ఈ మధ్య ఆయనకు పేరు తెచ్చింది పళ్లు కాదు, స్ట్రాలు.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను ప్రభుత్వం నిషేధించినప్పుడు చుట్టుపక్కల కొట్లవాళ్లు గొణుక్కుంటూ పాత సరుకును కౌంటర్ల కింద దాచుకున్నారు. వామన్‌రావు మాత్రం ఉన్న కట్టలన్నీ మూటగట్టి మున్సిపాలిటీ వాళ్లకు అప్పగించి వచ్చాడు. దాని వెనక కూతురు రశ్మి పోరు ఉంది. రశ్మి దగ్గర్లోనే ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో పర్యావరణ పాఠాలు చెబుతుంది. కాగితంవి, వెదురువి, స్టీలువి, బియ్యప్పిండితో చేసినవి, గోధుమ కాడలతో చేసినవి, రకరకాల స్ట్రాలు తనే వెతికి తెప్పించింది. వామన్‌రావు వాటిని గాజు సీసాల్లో వరసగా నిలబెట్టాడు. చూడ్డానికి అందంగా ఉండేవి.

స్ట్రా కథ కూడా రశ్మి చెప్పిందే. వేల ఏళ్ల కిందట, ఇప్పటి ఇరాక్ ఉన్నచోట, సుమేరు దేశంలో జనం కుండ చుట్టూ కూర్చుని పొడవాటి గొట్టాలతో బీరు పీల్చుకునేవాళ్లనీ, పైన తేలే పొట్టు నోట్లోకి రాకుండా ఆ ఏర్పాటనీ, రాజులకైతే సమాధుల్లో కూడా బంగారు గొట్టాలు పెట్టారనీ చెప్పింది. ఆ తర్వాత అమెరికాలో రై అనే ధాన్యపు గడ్డి కాడలతో తాగేవాళ్లట. ఆ కాడలు పానీయానికి గడ్డి వాసన పట్టిస్తున్నాయని విసుగెత్తి ఒకాయన పెన్సిలుకు కాగితం చుట్టి, జిగురు పెట్టి, మొదటి కాగితం స్ట్రా చేశాడట. వామన్‌రావు ఇదంతా బట్టీపట్టాడు. బట్టీపట్టి, తన మాటలు కలిపి, గిరాకీ కాస్త పలచబడితే చాలు, ఎవరో ఒకరికి వినిపించేవాడు. ఒక పత్రికవాళ్లు వచ్చి ఫోటో తీసుకెళ్లారు. కాలేజీల నుంచి పిలుపులు వచ్చాయి. రోడ్డు మీద పోయే పిల్లలు "స్ట్రా అంకుల్" అని చెయ్యి ఊపేవాళ్లు. ఆ చెయ్యి ఊపడం ఆయనకు బాగా నచ్చేది.

అసలు ఆ కొట్లోకి ప్లాస్టిక్ తెచ్చిందీ వామన్‌రావే. తండ్రి మైనం పూసిన కాగితం స్ట్రాలే పెట్టేవాడు. చిక్కటి సపోటా జ్యూస్‌లో అవి నానిపోతున్నాయని యువకుడిగా ఉన్నప్పుడు తండ్రితో కొట్లాడి మాన్పించాడు. ఈ సంగతి కూడా ఆయన నవ్వుతూ అందరికీ చెప్పేవాడు. చెప్పుకుంటే గౌరవం పెరిగే తప్పు అది.

ఆ కొట్టుకు ఏళ్ల తరబడి వచ్చినవాళ్లలో సోమయాజులు ఒకరు. నాంపల్లి కోర్టుల్లో పేరున్న లాయరు. ఆయన తండ్రి ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో తెనాలి వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. శనివారం కోర్టు పని ముగించుకుని, నల్లకోటు మడిచి చేతిమీద వేసుకుని వచ్చి, బత్తాయి రసం ఐసు లేకుండా అడిగేవాడు. కొట్టు ఉన్న భవనాన్ని కొత్తగా కొన్నవాళ్లు కిరాయిదార్లందర్నీ ఖాళీ చేయించబోతే, కేసు నడిపి కొట్టును నిలబెట్టింది ఆయనే. "సార్ లేకుంటే నేను ఇయ్యాల బండి మీద అమ్ముకుంటుండె" అని వామన్‌రావు చాలాసార్లు చాలామందితో అన్నాడు.

కొన్నాళ్లుగా సోమయాజులు రావడం మానేశాడు. ప్రాక్టీసు మానేసి ఉంటాడనుకున్నాడు వామన్‌రావు. ఇల్లు పక్కనే, నాంపల్లిలోనే అని తెలిసినా వెళ్లి కనుక్కోలేదు.

ఫిబ్రవరి నెల, ఎండ ముదురుతున్న ఒక మధ్యాహ్నం రశ్మి తన క్లాసు పిల్లల్ని కొట్టుకు తీసుకొచ్చింది. పాతికమంది దాకా ఉంటారు. అందరూ బల్లల చుట్టూ మూగారు. శ్రీనిధి అనే అమ్మాయి ఫోన్ పట్టుకుని వీడియో తీయడం మొదలుపెట్టింది. వామన్‌రావు కొత్త చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు.

ఆయన కథ ఎత్తుకుని సుమేరు దాకా వచ్చాడో లేదో, కొట్టు ముందు ఆటో ఆగింది. సోమయాజులు దిగాడు. దిగడానికి చాలాసేపు పట్టింది. భార్య కామాక్షి ఒక చెయ్యి పట్టుకుంది. పట్టుకోని రెండో చెయ్యి ఆగకుండా కదులుతోంది, కనిపించని పూసలు తిప్పుతున్నట్టు. వామన్‌రావు చూశాడు. "కూసోండి సార్, వస్తున్న" అని అక్కణ్నించే అని మళ్లీ పిల్లలవైపు తిరిగాడు.

పళ్లు కోసే బిచ్చయ్య పెద్దాయన్ని గుర్తుపట్టి, అడక్కుండానే బత్తాయి రసం తీసి బల్లమీద పెట్టాడు. కామాక్షి భర్తను కూర్చోబెట్టి, మాత్రల కోసం ఎదురుగా ఉన్న మందుల షాపుకు రోడ్డు దాటి వెళ్లింది. సోమయాజులు చొక్కా జేబులోంచి చిన్న గుడ్డసంచి తీశాడు. అందులోంచి ఒక స్ట్రా తీశాడు. ముడతల దగ్గర మెడ వంగే తెల్లటి ప్లాస్టిక్ స్ట్రా. దాన్ని వంచి గ్లాసులో వేసి, రెండు చేతులూ బల్లకు గట్టిగా ఆనించి, తల కిందికి దించి పీల్చడం మొదలుపెట్టాడు.

అవతల వామన్‌రావు కథ రంజుగా నడుస్తోంది. ఒక తండ్రి తన చిన్న కూతురితో మిల్క్‌షేక్ తాగడానికి వెళితే, ఎత్తు గ్లాసులోని నిటారు స్ట్రా ఆ పాపకు అందలేదనీ, ఆ తండ్రి స్ట్రాలోకి మరమేకు దూర్చి, పైన దారం బిగించి, ముడతలు పడేలా చేసి మెడ వంచాడనీ చెప్పాడు.

"గట్ల తయారైన పైపును మొట్టమొదలు కొన్నదెవరో ఎర్కనా బేటా?" అని అడిగి, కాసేపు ఊరించి, తనే చెప్పాడు. "దవాఖాన. పండుకున్న పేషెంట్లు లేవకుంటనే తాగొచ్చని."

పిల్లలు 'ఓ' అన్నారు. ఆ తర్వాత కాగితం పోయి ప్లాస్టిక్ రావడం, అది కాలవల్లో పడి, చెరువుల్లో పడి, సముద్రంలో తాబేళ్ల ముక్కుల్లో గుచ్చుకోవడం దాకా వచ్చాడు. అక్కడ ఆయన చూపు పక్కబల్ల మీదికి పోయింది. వామన్‌రావు రెండడుగులు వేసి, సోమయాజులు నోటి ముందున్న గ్లాసులోంచి ఆ స్ట్రాను రెండు వేళ్లతో పైకి లాగి అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు.

"సూడుండ్రి. మన లాయర్ సాబు గూడ ఇంకా ఇడుస్తలేరు" అన్నాడు నవ్వుతూ. "సదువుకున్నోళ్లు మీరే గిట్ల జేస్తే, మామూలోళ్లకు ఎవరు చెప్పాలె సార్?"

పిల్లలు నవ్వారు. ఆయన స్ట్రాను చెత్తడబ్బాలో వేసి, సీసాలోంచి ఒక స్టీలు స్ట్రా తీసి గ్లాసులో వేశాడు. చప్పట్లు మోగాయి. రశ్మి కూడా కొట్టింది.

సోమయాజులు తల ఎత్తి చూశాడు. పెదవులు కదిలాయి. ఏదో అన్నాడు. మిక్సీ తిరుగుతోంది, పిల్లలు గోలగా ఉన్నారు, ఎవరికీ వినపడలేదు. అంతమంది తనవైపే చూస్తుంటే ఇక చేసేది లేక స్టీలు స్ట్రా మీదికి వంగాడు. తల వణికింది. లోహం ముందుపళ్లకు తగిలి టక్కుమంది. ఆయన ఉలిక్కిపడి గ్లాసు పట్టుకోబోయాడు. చెయ్యి గ్లాసును తోసేసింది. రసమంతా తెల్లచొక్కా మీద, ఒళ్లో పడింది. కింది పెదవి మీద సన్నగా నెత్తురు కనిపించింది.

చప్పట్లు ఆగిపోయాయి. వామన్‌రావు బిచ్చయ్యను తువ్వాలు తెమ్మన్నాడు. తెమ్మంటున్న ఆ క్షణంలో ఆయన మనసులో మొదట మెదిలింది జాలి కాదు. వీడియో పాడయిపోయిందే అన్న చిరాకు. అది తనలో మెదిలినట్టు ఆయనకు అప్పుడే తెలిసింది.

కామాక్షి తిరిగి వచ్చేసరికి బిచ్చయ్య బల్ల తుడుస్తున్నాడు. ఆమె కొంగుతో భర్త మూతి తుడిచి, "స్ట్రా ఏదండీ?" అంది. ఆయన కళ్లతో చెత్తడబ్బా వైపు చూపించాడు. ఆమె వంగి, తొక్కల్లో, పిప్పిలో చెయ్యి పెట్టి ఆ స్ట్రాను వెతికి తీసి రుమాలులో చుట్టుకుంది.

"ఇది ఒక్కసారి వాడి పారేసేది కాదండీ వామన్‌రావు గారూ. రోజూ మరిగించి, మళ్లీ మళ్లీ ఇదే వాడుకుంటున్నాం. ఇప్పుడు దొరకడం లేదు కదా" అంది. గొంతులో కోపం లేదు. ఒక సంగతి తెలియనివాళ్లకు చెప్పినట్టు చెప్పింది.

ఆటో ఎక్కేదాకా వామన్‌రావు వాళ్ల వెనకాలే నడిచాడు. నాకు తెల్వదు సార్ అనాలనుకున్నాడు. ఆటో దిగినప్పుడే ఆ చేతులు చూశాడు కాబట్టి ఆ మాట నోట్లోంచి రాలేదు.

శ్రీనిధి ఆ సాయంత్రమే వీడియో పెట్టేసింది. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. రసం ఒలికిన భాగం బాగుండదని కత్తిరించి, చప్పట్ల దగ్గర ఆపింది. మర్నాడు పొద్దున షట్టర్ ఎత్తేసరికి పక్కకొట్టు వాళ్లు వచ్చి భుజం తట్టారు. బాగా గడ్డి పెట్టావన్నారు. చదువుకున్నవాళ్లకే సిగ్గులేకుండా పోయిందన్నారు. కాచిగూడలో ఉన్న భార్య చెల్లెలు కుటుంబం గ్రూపులో అది పెట్టి, పక్కన దండాల బొమ్మలు పెట్టింది. ముక్కూముఖం తెలియనివాళ్లు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ప్రతి మెచ్చుకోలుకూ వామన్‌రావు మెడ ఒంగిపోయింది. కాదు, అసలు జరిగింది వేరే అని చెప్పడానికి నోరు తెరిచేవాడు. అవతలివాళ్లు అది వినయమనుకుని ఇంకాస్త మెచ్చుకునేవాళ్లు.

కొట్టు వెనక బస్తాల మధ్య కూర్చుని ఒకసారి తనే వీడియో చూశాడు. 'దవాఖాన' అని తను వేలు ఎత్తి చెప్పడం విన్నాడు. పేషెంట్లు లేవకుండానే తాగొచ్చు అనడం విన్నాడు. ఆ మాట ఇంకా చెవిలో ఉండగానే తన చెయ్యి పోయి ఆ గ్లాసులోంచి స్ట్రా లాగడం చూశాడు. ఎన్ని వందలసార్లు చెప్పాడో ఆ కథ. అందులో ఒక పేషెంటు ఉన్నాడని ఒక్కసారీ తోచలేదు.

ఇంట్లో భార్య ప్రభావతి కూడా ఆ వీడియో చూసింది. అన్నం వడ్డిస్తూ, "ఆయన చేతులు వణుకుతున్నయి గద. మీరు సూడలేదా?" అని అడిగింది.

"సూసిన" అన్నాడు వామన్‌రావు.

ఆమె వడ్డిస్తున్న గరిటెను గిన్నెలో పెట్టేసింది.

తను చప్పట్లు కొట్టిన సంగతి రశ్మి తండ్రితో ఎత్తలేదు, తండ్రీ ఎత్తలేదు. శ్రీనిధితో చెప్పి ఆ వీడియోను తొలగింపజేసింది. కానీ అప్పటికే అది ఎవరెవరి ఫోన్లలోకో పోయింది.

వామన్‌రావు మొదట చేసిన పని కూడా సరైనది కాదు. బత్తాయి రసం సీసాలో పోసి బిచ్చయ్యతో నాంపల్లికి పంపాడు. బిచ్చయ్య మర్నాడు ఆ సీసాను తీసుకొచ్చాడు. శుభ్రంగా కడిగి, మూత విడిగా తుడిచి ఇచ్చిందట కామాక్షి. సార్ బాగున్నారని చెప్పమందట. ఆ కడిగిన సీసాను చేతిలో పట్టుకున్నప్పుడు వామన్‌రావుకు రెండో సిగ్గు తెలిసింది. తను పోవలసిన చోటికి ఇంకో మనిషిని పంపాడు.

ఆ తర్వాత కూడా వెంటనే వెళ్లలేకపోయాడు. వెళదామని చొక్కా వేసుకుని, ఏదో గిరాకీ వంక పెట్టుకుని ఆగిపోయేవాడు. ఎవరైనా స్ట్రా కథ చెప్పమంటే కత్తి తీసుకుని పైనాపిల్ చెక్కడానికి పోయేవాడు. చివరికి ఒక ఆదివారం, పాత పుస్తకాలవాళ్లు అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద గోనెపట్టాలు పరిచే వేళకు బయల్దేరి, వాళ్లను దాటుకుంటూ నడిచి, పబ్లిక్ గార్డెన్స్ వెనక సందులో ఉన్న సోమయాజులు ఇంటికి వెళ్లాడు.

కామాక్షి తలుపు తీసింది. ఆశ్చర్యపోలేదు. కూర్చోమని కుర్చీ చూపించి కాఫీ తెచ్చింది. సోమయాజులు కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. ఆ జబ్బు ముఖాన్ని కూడా బిగించేస్తుందని వామన్‌రావుకు అప్పుడు తెలియదు. కోపం వల్లే అలా చూస్తున్నాడనుకున్నాడు.

"తప్పయింది సార్" అన్నాడు. "నాకు తెల్వక..." అని ఆగిపోయాడు. కాఫీ గ్లాసు కింద పెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. "తెల్వక గాదు సార్. మీ చేతులు సూసిన. ఆటో దిగినప్పుడే సూసిన. ముందట పిల్లలున్నరు, ఫోన్ నడుస్తున్నది, అందరు నన్నే సూస్తున్నరు. ఆగలేకపోయిన."

సోమయాజులు మాట్లాడితే ఆ గొంతు వినడానికి వామన్‌రావు కుర్చీ దగ్గరికి లాక్కోవలసి వచ్చింది. ఒకప్పుడు కోర్టు వసారా చివరిదాకా వినిపించిన గొంతు అది.

"ఆ వీడియో నా జూనియర్లే పంపారు. మంచి సందేశం సార్, చూడండి అని. నేనని గుర్తుపట్టలేదు కొందరు." ఊపిరి తీసుకుని మళ్లీ అన్నాడు. "ఈ జబ్బు వచ్చాక బయట ఎక్కడా మంచినీళ్లు కూడా ముట్టలేదు నేను. పెళ్లికి వెళ్లినా అంతే. ఎన్నాళ్లిలా అని ఈవిడ పోరింది. ఎక్కడికి వెళదాం అని అడిగితే, మీ కొట్టు పేరే చెప్పాను. తెలిసినచోటు కదా, అక్కడైతే ఎవరూ నన్ను వింతగా చూడరు అనుకున్నాను."

కామాక్షి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన తిడితే బాగుండుననిపించింది వామన్‌రావుకు. క్షమించానని సోమయాజులు అనలేదు, వెళ్లమనీ అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

గుమ్మం దాకా సాగనంపుతూ కామాక్షి మెల్లగా ఒక మాట అడిగింది. నిషేధానికి ముందు సుల్తాన్ బజార్లో కొన్న ప్యాకెట్టు అయిపోవచ్చిందట. కాగితంవి ఆయన తాగడం పూర్తయ్యేలోపే మెత్తబడి ఊడిపోతున్నాయి. గట్టివి వద్దని డాక్టరు చెప్పాడు.

"మీకు వీటి గురించి బాగా తెలుసు కదండీ. మెత్తగా ఉండి, వంగేది ఏదైనా ఉంటే చెప్పండి" అంది.

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది.

మర్నాడు పొద్దున్నే, గిరాకీ మొదలవకముందు, తన సీసాలన్నీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్లలో తను స్ట్రాతో తాగిన గుర్తే లేదు. జ్యూస్ కొట్టువాడు గ్లాసెత్తి రెండు గుక్కల్లో తాగేస్తాడు. ఇప్పుడు ఒక్కో స్ట్రా వేసుకుని, చిన్న చిన్న గుక్కలుగా, మధ్యలో ఆగుతూ, సోమయాజులు తాగినంత నెమ్మదిగా తాగి చూశాడు. కాగితంది నాని, చివర విచ్చుకుని, నాలుకకు అట్టముక్కలా తగిలింది. పిండితో చేసింది ఉబ్బి పుటుక్కున విరిగింది. గోధుమ కాడ వంచితే పగిలింది. వెదురుది లావు, పెదవులు దాని చుట్టూ ఆనలేదు. స్టీలుది పెట్టుకుని కావాలని తల వణికించాడు. అది పళ్లకు తగిలింది. మళ్లీ వణికించాడు, మళ్లీ తగిలింది. బిచ్చయ్య పళ్లు కడుగుతూ చూస్తున్నాడని తెలిసినా ఆపలేదు.

సిలికాన్‌తో చేసినవి ఉన్నాయని రశ్మి చెప్పింది. రబ్బరులా మెత్తగా ఉంటాయి, ఎటు కావాలంటే అటు వంగుతాయి, మరిగించుకుని ఏళ్లపాటు వాడుకోవచ్చు. ఆమె తెప్పించినవి వామన్‌రావు స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాడు. అవి చిక్కటి షేకుల కోసం చేసినవి, రంధ్రం పెద్దది. ఒకేసారి ఎక్కువ రసం వచ్చి ఆయనకు దగ్గు ముంచుకొచ్చిందని కామాక్షి చెప్పింది. సన్నవి కావాలి. వామన్‌రావు కోఠీలో వైద్య పరికరాలు అమ్మే షాపులన్నీ తిరిగాడు. ఇంట్లో పేషెంటా అని అడిగితే ఔనన్నాడు. కొందరు స్టీలు ఇవ్వబోయారు, కొందరు కాగితంవి మంచివి, పర్యావరణానికి కూడా మంచివి అని ఆయనకే పాఠం చెప్పబోయారు. నోరు మూసుకుని విన్నాడు.

సన్నవి దొరికాయి. ఇచ్చి వచ్చాడు. ఆ రెండుసార్లూ సోమయాజులు లోపలి గదిలోంచి బయటికి రాలేదు. ఇవి బాగున్నాయని, తాగగలుగుతున్నారని కామాక్షే తర్వాత ఫోన్ చేసి చెప్పింది.

కొట్లో కూడా వామన్‌రావు అలాంటివే ఒక డబ్బాలో పెట్టాడు. ఎవరు అడిగినా, ఎందుకని అడక్కుండా, వేడినీళ్లలో కడిగి ఇమ్మని బిచ్చయ్యకు చెప్పాడు. ఎవరు అడుగుతారులే అనుకున్నాడు. మెడకు పట్టీ వేసుకున్న ఒకావిడ అడిగింది. చక్రాల కుర్చీలో కూతుర్ని తోసుకుంటూ ప్రతి నెలా నాంపల్లి దర్గాకు వచ్చే ఒక తండ్రి అడిగాడు. ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చారా అని వామన్‌రావు ఆ తండ్రిని అడిగాడు. వస్తూనే ఉంటామనీ, పాపకు ఇంటికి వెళ్లాక తాగిస్తుంటాననీ ఆయన చెప్పాడు. అంటే ఆ పిల్ల ఈ కొట్టు ముందు నుంచి దాహంతోనే వెళ్లేదన్నమాట. అటువైపు చూడ్డానికి వామన్‌రావుకు ధైర్యం చాలలేదు.

వేసవి వచ్చింది. ఒక శనివారం సాయంత్రం, కొట్టు కిటకిటలాడుతున్న వేళ, ముందు ఆటో ఆగింది. కామాక్షి దిగి చెయ్యి అందించింది. వామన్‌రావు చేతిలో పని వదిలేసి పరుగున వెళ్లబోయి, మళ్లీ తనే ఆగిపోయాడు. అందరూ తిరిగి చూస్తారు. నెమ్మదిగా వెళ్లి, మూల బల్ల ఖాళీ చేయించి, వాళ్లు కూర్చున్నాక ఏమీ మాట్లాడకుండా బత్తాయి రసం పెట్టి వచ్చాడు. సోమయాజులు జేబులోంచి తన స్ట్రా తీసుకున్నాడు.

పక్కబల్ల దగ్గర ఆఫీసు సంచులు తగిలించుకున్న నలుగురు కుర్రవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒకడు తేరిపార చూసి నవ్వాడు.

"అంకుల్, ఆ వీడియోల ఉన్నది మీరే గదా? మళ్ల తెచ్చుకున్నరా పైపు?" అన్నాడు. ఎగతాళి పెద్దగా లేదు, సరదాగా అన్నాడు. మిగతావాళ్లు తలలు తిప్పారు. కామాక్షి భర్త భుజం మీద చెయ్యి వేసింది, లేచిపోదామన్నట్టు.

వామన్‌రావు అడ్డం వెళ్లబోయాడు. సోమయాజులు వణికే చెయ్యి కాస్త ఎత్తి ఆయన్ని ఆపాడు. తను మాట్లాడతానన్నట్టు పెదవులు తడుపుకున్నాడు. ఆ కొట్లో అన్ని మిక్సీలూ తిరుగుతున్నాయి. వామన్‌రావు గోడ దగ్గరికి వెళ్లి మిక్సీల స్విచ్చులన్నీ వరసగా కట్టేశాడు. బిచ్చయ్య చేతిలో కత్తి ఆగింది. జనం ఏమైందోనని చూశారు. రోడ్డు మీద హారన్లు తప్ప కొట్లో చప్పుడు లేదు.

"ఔనండీ, నేనే" అన్నాడు సోమయాజులు. మాటకూ మాటకూ మధ్య ఆగుతున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు. "నాది పార్కిన్సన్స్ జబ్బు. చేతులు నా మాట వినవు. గ్లాసు ఎత్తలేను. అందుకని వంగే స్ట్రా కావాలి. ఆ రోజు కూడా ఇదే చెప్పాను. ఇక్కడ ఎవరికీ వినిపించలేదు."

కుర్రవాడి ముఖం ఎర్రబడింది. సారీ అంకుల్ అని గొణిగాడు.

"గాయనను అనకు తమ్మీ" అన్నాడు వామన్‌రావు. "ఆయన నోటి కాడి పైపు గుంజి పారేసింది నేను. తప్పు జేసింది నేను. మీరందరు సూసి మెచ్చుకున్నది గదే."

అందరూ ఆయనవైపు చూశారు. చెప్పేస్తే గుండె తేలికవుతుందని ఇన్నాళ్లూ అనుకున్నాడు. అలాంటిదేమీ జరగలేదు. గిరాకీ అంతా తెలిసిన ముఖాలే, రేపు మళ్లీ వచ్చేవాళ్లే. వాళ్లముందు స్విచ్చుల మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు.

సోమయాజులు తల దించి రసం తాగడం మొదలుపెట్టాడు. నెమ్మదిగా, మధ్యమధ్య ఆగుతూ. తమ జ్యూస్ ఎప్పుడిస్తావని ఎవరో అడిగారు. జర ఆగమన్నాడు వామన్‌రావు. కొంతసేపటికి సోమయాజులే తలెత్తి, "మిక్సీ వేసుకోండి. వాళ్లు నిలబడి ఉన్నారు" అన్నాడు. అప్పుడు వేశాడు.

గ్లాసు అడుగు దాకా తాగలేదు ఆయన. ఇంకాస్త పొయ్యమంటారా అంటే ఈ రోజుకు చాలన్నాడు. మళ్లీ వస్తామని గానీ రామని గానీ అనలేదు. వామన్‌రావు రోడ్డు మీదికి వెళ్లి ఆటో పిలుచుకొచ్చాడు. ఎక్కడానికి సోమయాజులు ఒక చెయ్యి కామాక్షికి ఇచ్చి, రెండోది వామన్‌రావు భుజం మీద వేశాడు. ఆ చెయ్యి వణుకు చొక్కాలోంచి ఒంట్లోకి దిగింది. అది ఆసరా కోసం వేసిన చెయ్యి మాత్రమేనని వామన్‌రావుకు తెలుసు. అయినా ఆయన లోపల సర్దుకుని కూర్చుని, చెయ్యి తీసుకునేదాకా, భుజం కదిలించకుండా నిలబడ్డాడు.